తలుపు కాదు, నా కుడి కాలు

ఏడేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ముందు రాస్తాను. ఆస్తి సంగతి తరవాత. నా బావమరిది గ్రెయమ్ రేబోల్డ్ నా కుడి కాలిని తలుపు అన్నాడు. అని ఊరుకోలేదు. అచ్చు వేయించి దేశమంతా అమ్మాడు.

ఇక అసలు కాగితం. జోసయా ట్రోమాన్స్ అనే నేను, ఎనభై ఏళ్లవాడిని, గొలుసులు చేసి రిటైరైనవాడిని, క్రాడ్లీ హీత్‌లో నా సొంత ఇంట్లో, నా సొంత బల్ల దగ్గర, ఎవరూ బలవంతపెట్టకుండా, బుర్ర సరిగ్గా ఉండగా రాస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవి చెల్లవు. నా బుర్ర సంగతి డాక్టరమ్మ చూసింది. రాజు పేరు అడిగింది, ఇవాళ ఏ వారమని అడిగింది, వందలోంచి ఏడు చొప్పున తీస్తూ పొమ్మంది. రెండు దాకా పోయాను. ఆవిడే విసుగెత్తి చాలు చాలంది.

నేను పదిహేనో ఏట బడి మానినవాడిని. ఇందులో అక్షరం తప్పితే తప్పనివ్వండి. మా అమ్మాయి గిలియన్ దిద్ది టైపు చేసి పెడతానంది. వద్దన్నాను. దిద్దడం, శుభ్రం చేయడం ఎక్కడికి పోతుందో కింద ఉంది.

1. ఈ వీలునామా అమలు జరపవలసింది నా ఒక్కగానొక్క కూతురు గిలియన్. ఇల్లు, ఇంట్లో సామాను ఆమెకే, కింద వేరుగా రాసినవి తప్ప. గిలియన్, నువ్వు మంచిదానివి. కాకపోతే అందరితో మంచిగా ఉంటావు, అదొక్కటే నీలో లోపం. ఈ విషయంలో మీ మావయ్య మీద జాలి పడవద్దు. పడితే ఆరో పేరా మళ్ళీ చదువు.

2. నా భార్య బెరిల్ పింగాణీ టీ కూజా, వెనక పెరట్లో రుబార్బ్ మొక్కల మడి పక్కింటి హేజెల్ విల్లెట్స్‌కు. రెండేళ్లుగా ఆవిడ రోజూ వచ్చి నా మోకాలి కట్టు మార్చింది. ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. అయ్యో అనకపోవడం ఎంత పెద్ద ఉపకారమో కాలు పోయినవాడికి తెలుస్తుంది. పందెం పావురాలు గూటికి చేరిన వేళ చూసుకునే నా గడియారం కూడా ఆవిడకే. హేజెల్‌కు పావురాలంటే పడదు. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు పక్కన పెట్టుకోమన్నాను.

3. డెన్నిస్ బ్లూమర్‌కు ఏమీ లేదు. ఆ గడియారం మీద వాడికి ముప్పై ఏళ్లుగా కన్ను. నా కాలిని తలుపన్న గ్రెయమ్ పుస్తకం ఊళ్లోకి వచ్చిన వారమే క్లబ్బులో నేను అడుగు పెట్టగానే వాడు లేచి, “ఒరేయ్ జరగండ్రా, తలుపొస్తోంది, వేళ్లు నలుగుతాయి!” అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటినుంచి ఇదే వరస. “కిర్రుమంటున్నావేంటి జో, కాస్త నూనె రాయనా?” అనేవాడు. ఆసుపత్రి నుంచి ఒంటికాలితో వచ్చిన మొదటి శనివారం, “పాపం, తలుపుకి ఒక కీలు ఊడిందిరా” అన్నాడు. అది బాగుంది, నేనూ నవ్వాను. నవ్వాను కాబట్టి క్షమించాననుకున్నాడు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో ఏదీ దక్కదని చట్టం ఉందట. అందుకే సంతకానికి డెన్నిస్‌ను పిలిచాను. పెద్ద మర్యాద జరిగినట్టు టై కట్టుకుని వస్తానన్నాడు. సంతకం పెట్టాక ఈ పేరా చదివి వినిపిస్తాను.

4. ఇప్పుడు గ్రెయమ్ సంగతి. ఇవన్నీ వీలునామాలో రాయనక్కర్లేదు అన్నాడు లాయరు. లాయరును మానిపించాను.

మా అమ్మ సారా ఈ ఇంటి వెనక పెంకుల పాకలో కొలిమి పెట్టుకుని గొలుసు లంకెలు చేసేది. చేతిలో పటకారు, కాలి కింద తొక్కుడు సమ్మెట. తొక్కితే సమ్మెట పడుతుంది, పైన కట్టిన వాసం మళ్ళీ దాన్ని లేపుతుంది. తొక్కిన క్షణానికే పడదు. అరక్షణం ఆగి పడుతుంది. ఆ అరక్షణంలోనే ఇనుము తిప్పుకోవాలి. అమ్మ మా మీద అరిచినా, ప్రార్థన పాట పాడినా ఆ అరక్షణాల్లోనే. నేను నడక నేర్చింది ఆ దెబ్బకే. పెద్దయ్యాక నేనూ అదే తొక్కాను.

గ్రెయమ్ నా భార్య బెరిల్‌కు తమ్ముడు. పంతొమ్మిదో ఏట గిటారు పట్టుకుని మా పాకలో కూర్చునేవాడు. పోలీసులు తరుముతున్నట్టు వాయించేవాడు. నేనొకసారి చేతిలో పని ఆపి, “నా మడమ పడేదాకా తీగ ముట్టకురా. ముట్టావో, వేలు విరుస్తా” అన్నాను. “సరే బావా, నువ్వు తొక్కు, నేనొస్తా” అన్నాడు. మూడు నెలలు తొక్కాను. వాడు వచ్చాడు. ఆ తరవాత వాయించినదంతా అదే.

1971 అక్టోబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడి పబ్ మేడగదిలో గ్రెయమ్ బృందం పాటల రికార్డు తీశారు. డ్రమ్ములవాడికి గవదబిళ్ళలు వచ్చి మంచం ఎక్కాడు. “బావా, నువ్వే రావాలి” అని గ్రెయమ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అప్పుడే బేకన్ వేసి ఉడికించిన బఠాణీలు పళ్లెంలో వడ్డించుకున్నాను. వదిలేసి వెళ్లాను. మేడగదిలో తివాచీ పరిచి ఉంది, తొక్కితే మోగదు. పబ్ యజమాని నేలమాళిగ తలుపు ఊడదీసి తెచ్చి నేలమీద పడుకోబెట్టాడు. మడమకు ఇనప నాడా కొట్టిన నా పనిబూటుతో దాని మీద తొక్కాను. రికార్డు రెండో వైపు నాలుగు పాటలకూ డ్రమ్ములు లేవు. ఉన్నది నా కాలు. చివరి పాట అయిపోతుండగా బెరిల్ మెట్లెక్కి వచ్చి, “ఇక ఆపండయ్యా, కిందవాళ్ల బీరులో సున్నం రాలుతోంది!” అని అరిచింది. గ్రెయమ్ పగలబడి నవ్వాడు. అదీ రికార్డులో పడింది. బాగుందని ఉంచేశారు. ఆల్బమ్‌కు ‘స్లో హ్యామర్’, అంటే నిదానపు సమ్మెట, అని పేరు పెట్టారు. అది మా అమ్మ సమ్మెట. అట్ట వెనక, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, కాలు: జె. ట్రోమాన్స్ అని వేశారు. చిన్నవైనా ఉన్నాయి. నాకు చాలు. ఇన్నేళ్లూ చాలింది.

2018లో ఎవరో కంపెనీవాళ్లు దాన్ని మళ్ళీ విడుదల చేశారు. అట్టపెట్టె, బరువైన రికార్డు, లోపల పుస్తకం. గిలియన్ కొని తెచ్చింది. భూతద్దం పెట్టుకుని చదివాను. ఇలా ఉంది: ‘పాత టేపులో గాలికి తలుపు కొట్టుకుంటున్న చప్పుడును, చివర ఎవరో బయటి మనిషి మాటలను ఎంతో శ్రమపడి తొలగించాము.’ దాని కింద, చూసి ఒప్పుకున్నట్టు, గ్రెయమ్ సంతకం.

టేపు శుభ్రం చేసిన ఆ కంపెనీ కుర్రవాడి చెవిని నేను తప్పుపట్టను. అది తలుపే. చెక్క చప్పుడని సరిగ్గానే పట్టాడు. దాని మీద కాలుందని వాడికెలా తెలుస్తుంది? గ్రెయమ్‌కు తెలుసు. ఆ బయటి మనిషి ఎవరో కూడా గ్రెయమ్‌కు తెలుసు. అప్పటికి బెరిల్ పోయి నాలుగేళ్లు. సమాధి దగ్గర వాడు గిటారు వాయిస్తూ ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగదైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

ఫోన్ చేశాను. “అది చప్పుడే కదా బావా, పాట కాదు కదా. ఇప్పటివాళ్ల చెవులకు నచ్చదు” అన్నాడు. “నీకు చెవులిచ్చిందెవడ్రా?” అన్నాను. “ఈ వయసులో ఈ పట్టుదలలేంటి బావా, ఓ టీ తాగి పడుకో” అన్నాడు. పెట్టేశాను. అదే ఆఖరు మాట.

రెండేళ్ల కిందట షుగరు ముదిరి ఆసుపత్రిలో కుడి కాలు తీసేశారు. వాళ్లు ముందు అడిగారు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. గ్రెయమ్ అడగలేదు. ఇంటికొచ్చాక మొదట చేసిన పని ఆ కొత్త రికార్డు పెట్టి వినడం. నా కాలు ఇక ఉండాల్సిన చోటు అదొక్కటే. అక్కడా లేదు.

5. కుడి బూటు, నాడాతో సహా, ఆ శుభ్రం చేసిన కుర్రవాడికి, కంపెనీ చిరునామాకు పోస్టులో పంపాలి. మంచి చెవి ఉన్నవాడు, నేర్చుకుంటాడు. ఎడమ బూటు నాతో.

6. రీలు. ఆ ఆదివారం మొదట తీసిన రీలు నా దగ్గర, మెట్ల కింద బిస్కెట్ డబ్బాలో ఉంది. రికార్డు తీసినతను కంపెనీకి నకలు ఉంచుకుని, దీన్ని ఆ రోజే బెరిల్ చేతిలో పెట్టాడు. నాలుగు పాటలు, నా కాలు, చివర బెరిల్ నన్నూ వాళ్ల తమ్ముణ్ణీ తిట్టిన తిట్లు, అన్నీ ఉన్నాయి. పోయిన క్రిస్మస్‌కు గిలియన్ టర్కీ కోస్తూ, నా మొహం చూడకుండా, “నాన్నా, ఆ రికార్డుతో ఇంకా పెద్ద పెట్టె వేస్తున్నారట. ఆ రీలు నీ దగ్గరుందేమో అడగమన్నాడు మావయ్య” అంది. మావయ్యకు నోరు లేదా అన్నాను. కాలి మాట ఏమైనా అన్నాడా అన్నాను. గిలియన్ బంగాళాదుంపలు వడ్డించింది.

కాబట్టి గ్రెయమ్ ఒక ఉత్తరం రాయాలి. తన చేత్తో రాయాలి, మిషను మీద కాదు, మేనేజరు చేత కాదు. అందులో మూడు సంగతులు ఉండాలి. ఆ చప్పుడు జో ట్రోమాన్స్ కుడి కాలు. ఆ నిదానం సారా ట్రోమాన్స్ సమ్మెటది, పుస్తకంలో తను చెప్పుకున్నట్టు కలలో కనబడిన, సముద్రం అవతలి మిసిసిపీ నదిది కాదు. వాడు మిసిసిపీ చూసిందే 1979లో, విమానం కిటికీలోంచి. మూడోది, ఆ బయటి మనిషి తన అక్క బెరిల్. ఆ ఉత్తరం కొత్త పెట్టెలో మొదటి పేజీగా అచ్చు కావాలి, రెండు చప్పుళ్లూ తిరిగి రావాలి. అలా అయితే రీలు వాడిది.

ఉత్తరం రాకపోతే రీలును నా శవపేటికలో పెట్టాలి. కుడివైపు కింద, పాదం ఉండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. సరిగ్గా అక్కడ. బెరిల్ పక్కన పూడ్చాలి. ఆమె గొంతును నేను బయటికి తోయను.

7. ఉత్తరం వచ్చినా రాకపోయినా గ్రెయమ్‌కు ఒకటి దక్కుతుంది. పబ్ కూల్చినప్పుడు ఆ నేలమాళిగ తలుపు నేను తెచ్చుకున్నాను. ఇప్పుడు బొగ్గు గదికి ఉంది. దాన్ని ఊడదీసి, లారీలో వేసి, సర్రేలో వాడి ఇంటికి పంపాలి. ఉత్తరం వస్తే మర్యాదగా లోపలికి చేర్చండి. రాకపోతే గేటుకు అడ్డంగా దించి రండి. నడుమ కంటే కాస్త కింద, కుడివైపు మడమ నాడా పడిన గుంట ఉంటుంది. బొటనవేలు పెట్టి చూడు గ్రెయమ్. నాలుగు పాటల లోతు ఉంది.

8. దీని నకలు ఒకటి ఈ రోజే వాడికి రిజిస్టరు పోస్టులో పోతోంది. శరదృతువు దాకా ఉంటానంటోంది డాక్టరమ్మ. నేను పోయేదాకా వాడు ఆగాల్సిన పని లేదు, నేనూ ఆగను. గడువు మే 17, శనివారం, బెరిల్ పుట్టినరోజు. రెండో సాక్షి కీత్ డన్ మా వీధి పోస్టుమాన్. ఉత్తరం వచ్చిందీ లేనిదీ వాడికంటే బాగా తెలిసినవాడు లేడు.

గ్రెయమ్, నీకే రాస్తున్నాను. నీ కొత్త రికార్డు గురించి పత్రికలో ఒకాయన రాసింది చదివాను. ప్రతి చరణంలో స్వరం ముందు నువ్వు ఆగుతావట, ఆ ఆగడంలోనే నీ ప్రతిభంతా ఉందట. పెట్టుకుని విను. కాలు తీసేశావు కానీ నీ వేళ్లు ఇంకా దాని కోసమే ఆగుతున్నాయి. నిశ్శబ్దంలో, దిక్కులేకుండా, ప్రతిసారీ. అది తుడవడం మీ కంపెనీ తరం కాలేదు. యాభై మూడేళ్లుగా నువ్వు నా కోసం ఆగుతున్నావు. ఇప్పుడు నేను నీ కోసం ఆగుతాను. మే 17, కీత్ మా గుమ్మం దాటి పోయేదాకా. ఆ తరవాత మా అమ్మ సమ్మెట ఆగినంతసేపు. ఆపైన పడుతుంది.

అది తలుపా, నా కాలా? జవాబు రాయి.

2025 మార్చి 3, సోమవారం, క్రాడ్లీ హీత్.

సంతకం: జోసయా ట్రోమాన్స్

మా ఇద్దరి ఎదుట ఆయన సంతకం పెట్టారు, ఆయన ఎదుట మేమిద్దరం పెట్టాం:

కీత్ డన్, పోస్టుమాన్

డెన్నిస్ బ్లూమర్, పావురాల పెంపకందారు