దొరసాని పుస్తకంలో అమ్మ బొమ్మ

ఏలూరు,
1934 నవంబరు 17, శనివారం.

పూజ్యులైన యోబు అన్నయ్య గారికి చెల్లెలు వరమ్మ వందనములు. దేవుని కృపవల్ల అమ్మా నేనూ క్షేమం. కొల్లేటి లంకలో మీరూ వదినా పిల్లలూ క్షేమమని తలుస్తాను.

క్షేమమని రాశానే గాని నా ప్రాణం కుదురుగా లేదు. నన్ను పెంచి చదువు చెప్పిన ప్రెంటన్ దొరసాని పుట్టి రేపటికి నూరేళ్ళట. ఆవిడ ఇంగ్లీషు పిల్లల కోసం నా మీద రాసిన కథను తెలుగు చేయించి, రేపు గుడిలో చదువుతారట. అందులో అమ్మ కల్లు తాగడానికి నన్ను అమ్మేసిందని ఉంది.

అమ్మకు చదువు రాదు కదా. నన్ను దొరసాని చేతికి అందిస్తున్న తన బొమ్మ ఉందని ఆ కథ ఉన్న ఇంగ్లీషు పుస్తకాన్ని ఇన్నేళ్ళూ గుడ్డలో చుట్టి బైబిలు పక్కనే దాచుకుంది. పిల్లను చదువుకి అప్పజెప్పిన రోజని వచ్చినవాళ్ళందరికీ విప్పి చూపిస్తుంది.

దొరసాని బతికుండగానే ఆవిడ రాతల మీద గొడవైంది. ఇక్కడ పనిచేసిన డాక్టరు దొర ఒకాయన ఇవన్నీ కట్టుకథలని లండను పత్రికకు రాశాడు. పిల్లల మనసు కరగాలంటే కాస్త రంగు పూయక తప్పదని ఆవిడ జవాబిచ్చింది. నాకు జ్వరమొస్తే ఒళ్ళోంచి దించని మనిషీ ఆవిడే. ఏమని తిట్టను?

ఆ ముక్క తీసెయ్యండి బాబూ అని సంఘపెద్ద నిత్యానందం గారిని బతిమాలాను. దొరసాని అబద్ధం రాస్తుందా అమ్మా అన్నారు. పోనీ అమ్మను మీ దగ్గరికి పంపుదామంటే కదలనంది. కొత్త చీర కట్టుకుని ముందు చాప మీదే కూర్చుంటుందట. ఇది సోమవారం టపాలో వేస్తాను.

ఇట్లు,
మీ చెల్లెలు
వరమ్మ

తా.క. ఆదివారం సాయంత్రం. చదివేశారు. అందరూ అమ్మకేసే చూశారు. ఇంటికొచ్చాక, ఇదంతా అబద్ధమని ఊరందరికీ చెబుతానమ్మా అన్నాను. కల్లు ఒక్కటే అబద్ధమంది. కొల్లేరు పొంగి ఇల్లు కొట్టుకుపోయిన ఏడు, జ్వరంపడి లేచిన మీకు గంజి కాద్దామంటే గింజ లేదట. నన్నిచ్చి బియ్యం తెచ్చుకుందట. ఆ గంజి తాగింది మీరే అన్నయ్యా. మీకు చెప్పొద్దంది, అన్నం సహించదని. ఈ పూట నాకే సహించలేదు. ఒక్కదాన్నే మోయలేక రాశాను.