నాయన కొట్టి చూసిన రాయి

ఏప్రిల్ 30, 1974. మంగళవారం

ఈ డైరీ పోయినేడాదిది. సిమెంటు కంపెనీవాళ్లు కాంట్రాక్టరుకు ఇచ్చారు, ఆయన పారేశాడు, నేను తెచ్చుకున్నాను. వారాలన్నీ తప్పు. కొట్టేసి రాస్తున్నాను.

ఈ రోజు క్వారీలో రాళ్లు నలిపే క్రషర్ మిషను దిగింది. కాంట్రాక్టర్ చలపతిరావు గారు కొబ్బరికాయ కొట్టించాడు. తర్వాత మా నాయనను పిలిచాడు. ఏమయ్యా లింగమూర్తీ, ఇక మనకు కావలసింది కంకరేనయ్యా, ఉలి పని లేదు, క్రషర్‌లో రాళ్లు వేస్తూ కూర్చో, నీడపట్టున ఉంటావు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఎక్కువ మండింది.

ముప్పై ఐదేళ్లు కొత్తగూడ బండల మీద ఉలి పట్టిన మనిషి. ఆయన గీత గీసి ఐదు దెబ్బలు వేస్తే బండ ఆ గీత వెంటే విరుగుతుంది. నూలుపోగంత కూడా పక్కకు పోదు. అట్లాంటి మనిషి ఇంటికొచ్చి ఉలులు గోనెసంచిలో చుట్టి దూలానికి కట్టాడు. ఏందయ్యా ఇది అని అమ్మ అడిగింది. ఏం లేదే, బువ్వ పెట్టు అన్నాడు.

మే 2, గురువారం

మాదాపూర్ హోటల్లో మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపర్లో చదివాను. పట్నంలో మ్యూజియం. మే నెల ఆదివారాలు కుటుంబాలకు ప్రవేశం ఉచితం. శిల్పాల గది, చిత్రాల గది, సాయంత్రం ఆవరణలో తోలుబొమ్మలాట.

రెండుసార్లు చదివాను. ఏది చదివినా రెండుసార్లు చదువుతాను. తెలుగు నాకు బడి నేర్పలేదు, దుకాణాల బోర్డులు నేర్పాయి. ఇంగ్లీషు మందుగుండు పెట్టెల మీద నేర్చుకున్నాను. డేంజర్. హ్యాండిల్ విత్ కేర్. ఈ పేపర్లో కుటుంబాలకు అని ఉంది. ఏ కుటుంబాలకో రాయలేదు. అంటే మాకు కూడా.

నాయన అక్కడికి పోవాలి. ఉలితో మనిషి ఏం చేశాడో ఆయన కళ్లతో చూడాలి. ఉలి పని లేదన్న మాట ఆయన చెవుల్లోంచి పోవాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

మే 5, ఆదివారం

గ్యాంగులో అందరినీ అడిగాను. నీలమ్మ తట్టలు మోస్తుంది, ఆమె నోటి ముందు క్రషర్ కూడా చిన్నదే. ఆరు దినాలు రాళ్లు గొట్టి, ఏడో దినం రాళ్లు సూడనీకి పోవాల్నారా వీరేశం, నీకేమన్న ఎండదెబ్బ తగిలిందా అని అందరి ముందు నవ్వింది. ఫ్రీ అన్నాను. గట్లనా, అయితే మా అత్తను గూడ తోల్కొస్త అంది.

ఏడు కుటుంబాలు, ముప్పై ఒక్కమంది. హఫీజ్‌పేట స్టేషన్ దాకా నడక, అక్కడి నుంచి రైలు. పన్నెండో తారీఖున ప్రోగ్రాం.

నాయన రానన్నాడు. నేనొక్కదాన్నే పోయి పట్నంల తప్పిపోతే నీకు ఖుషీనా అంది అమ్మ. సరే అన్నాడు.

మే 8, బుధవారం

రైల్వే స్ట్రైక్. దేశమంతా రైళ్లు బంద్. వాళ్ల కోపం న్యాయమే. నా కోపం కూడా న్యాయమే.

మే 13, సోమవారం

నిన్న పోవలసింది. పోలేదు. రైళ్లు నడిచేటట్టు లేవు, మే నెల ఆగేటట్టు లేదు.

ఈ రోజు చలపతిరావు గారి దగ్గరికి పోయి రాళ్ల లారీ అడిగాను. మీ వాళ్లకు మ్యూజియం ఎందుకయ్యా, జూకు తీసుకెళ్లు, పులిని చూస్తారు అన్నాడు. మీ పిల్లలు చూసిన్రా సార్ మ్యూజియం అని అడిగాను. చూశారు అన్నాడు. వాళ్లకెందుకు సార్ మరి అన్నాను.

అన్నాక భయమేసింది. లారీ తీసుకో, డీజిల్ నాదే, కానీ ఒక్క కంప్లయింట్ వచ్చిందా, మళ్లీ నాకు మొహం చూపించకు అన్నాడు. థాంక్యూ సార్ అన్నాను.

మే 18, శనివారం

రాజస్థాన్ ఎడారిలో భూమి లోపల అణు పరీక్ష చేశారట. హోటల్ రేడియో చుట్టూ జనం. మేం ఇక్కడ రోజుకు రెండుసార్లు భూమిని పేలుస్తాం. ఏ రేడియో చెప్పదు.

మే 19, ఆదివారం. సాయంత్రం ఆరు గంటలు

వరసగా రాస్తాను.

పొద్దున లారీలో గడ్డి పరిచాం. అందరూ ఉతికిన బట్టలు కట్టారు. నీలమ్మ అత్తను నలుగురు పట్టి ఎక్కించారు. జొన్నరొట్టెలు, మామిడికాయ తొక్కు మూటలు. దారంతా పాటలు. పట్నంలో జనం ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను. మా వాళ్లు ఎంత బాగున్నారో నాకు ఈ రోజే తెలిసింది.

మ్యూజియం మెట్ల దగ్గర ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు విడిచారు, గుడి ముందర విడిచినట్టు. గార్డు నవ్వాడు. లోపల నేల చల్లగా ఉంది. పిల్లలు బోర్లా పడుకున్నారు. తల లేని విగ్రహం ఒకటి ఉంది. నీలమ్మ దాని చుట్టూ తిరిగి, ఈయన మన మేస్త్రీకి ఏమైతడు, ఈయనకు గూడ తలకాయ లేదు అంది. నవ్వి నవ్వి అమ్మకు పొరబోయింది.

నాయన మాతో లేడు. శిల్పాల గది చివర, మనిషంత ఎత్తు నల్లరాతి ద్వారపాలకుడి ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. నేను ఆయన పక్కకు పోయి నిలబడ్డాను. మొలతాడు మీద మువ్వలు సూడు బిడ్డా, ఎంత సన్న ఉలి పట్టిండో అన్నాడు. పంతొమ్మిది రోజుల తర్వాత అంత పెద్ద మాట ఆయన నోటి నుంచి విన్నాను. నా కడుపు నిండింది.

అప్పుడు కొట్టి చూశాడు.

మా వాళ్లకు అది అలవాటు కాదు, అంతకంటే ఎక్కువ. రాయి దగ్గరికి పోతే కొట్టి చూడాల్సిందే. మంచి రాయి కంచులా మోగుతుంది. లోపల పగులుంటే దెబ్బ మింగేస్తుంది. పలకరించకుండా మనిషి ఎదురుగా నిలబడతామా? నాయన చేతి కడియంతో విగ్రహం ఛాతీ మీద ఒకటి, నడుము మీద ఒకటి, మోకాలి మీద ఒకటి వేశాడు. మోకాలి దగ్గర ఆగి మళ్లీ వేశాడు.

గార్డు పరుగెత్తుకొచ్చి నాయన రెక్క పట్టి లాగాడు. నీ అయ్య సొమ్మనుకున్నవా, ఎవడు రానిచ్చిండు మిమ్మల్ని అని అరిచాడు. నాయన వయసు చూడలేదు. లోపల పగిలింది సార్, మోకాలు మోగుత లేదు అని నాయన చెప్తూనే ఉన్నాడు. కళ్లద్దాల ఆఫీసర్ ఒకాయన గది గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఒక్కరు చేసినదానికి ముప్పై ఒక్కమందినీ బయటికి పంపించారు. పిల్లలు తోలుబొమ్మలాట ఏదన్నా అని అడుగుతుంటే లారీ ఎక్కించాం.

దారిలో నాయన ఒక్కటే అన్నాడు. ఇగ నన్ను యాడికీ తోల్కపోకు.

నేనే తోల్కపోయాను. నేనే.

మే 20, సోమవారం

డ్రైవర్ చెప్పేశాడు. చలపతిరావు గారు తిట్టలేదు, నవ్వాడు. మ్యూజియంలో బొమ్మని కొట్టి చూశావా, భలేవాడివయ్యా లింగమూర్తీ అని అందరి ముందు నవ్వాడు. నాయన క్రషర్‌లో రాళ్లు వేస్తున్నాడు. ఒక్క రాయిని కూడా కొట్టి చూడలేదు.

కొట్టకుంటే ఎట్ల దెలుస్తది సార్, మీరు పుచ్చకాయ గొట్టి సూడకుండనే కొంటరా అని నీలమ్మ అడిగింది. ఆయన నవ్వు ఆగింది. నీలమ్మ కాళ్లు మొక్కాలనిపించింది.

మే 26, ఆదివారం

సైకిల్ మీద పట్నం పోయాను. కొట్లాడటానికే పోయాను. తిట్లు దారి పొడుగునా అనుకుంటూ పోయాను.

ఆ కళ్లద్దాల ఆఫీసర్ పేరు రామబ్రహ్మం. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. ఆ రోజు వచ్చిన పెద్దాయన మీ నాన్నగారాండీ అన్నాడు. నన్ను అండీ అని ఇంతవరకు ఎవరూ అనలేదు. తిట్లన్నీ మర్చిపోయాను.

మేం పోయాక ఆయన ఆ మోకాలి మీద నీళ్లు పోయించాడట. రాయంతా ఆరిపోయింది కానీ మోకాలి చుట్టూ వెంట్రుకంత తడి గీత మాత్రం ఆరలేదట. లోపల అడ్డంగా పగులు. వచ్చే వారం ఆ విగ్రహాన్ని గొలుసులు కట్టి లేపి కొత్త గదికి మార్చాలి. లేపితే రెండు ముక్కలయ్యేదండీ, మాలో ఎవరికీ తెలియలేదు అన్నాడు. ఇంకా నలభై విగ్రహాలు మార్చాలి, మీ నాన్నగారు వచ్చి చూస్తారా అని అడిగాడు.

కొత్తగూడ దాకా సైకిల్ ఎట్లా తొక్కానో తెలియదు.

మే 27, సోమవారం

నాయన రానన్నాడు. నేను కాళ్లా వేళ్లా పడ్డాను. గవర్నమెంట్ ఆఫీసర్ పిలుస్తున్నాడు నాయనా అన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. వాళ్లు ఎల్లగొట్టింది నన్నొక్కణ్ణే కాదు. పిలిస్తే అందర్ని పిలవాలె. పోరగాండ్లకు తోలుబొమ్మలాట సూపియ్యాలె. గట్ల కుదిరితే నేనొస్త, లేకుంటే వాళ్ల రాళ్లు వాళ్లు సూసుకుంటరు అన్నాడు.

క్రషర్ ముందు కూర్చొని ఇరవై ఎనిమిది రోజులైన మనిషి, షరతు పెట్టాడు! ఇది రాస్తుంటే కూడా నా ఛాతీ ఉబ్బుతోంది.

మే 29, బుధవారం

పని ఎగ్గొట్టి మళ్లీ పోయాను. మే నెలతో ఫ్రీ అయిపోతుంది, జూన్‌లో రూల్ లేదండీ అన్నాడు రామబ్రహ్మం గారు. లేచాను. కూర్చోమన్నాడు. లెటర్‌హెడ్ తీసి రాశాడు, స్టాంపు వేశాడు. రాతిపని నిపుణులు లింగమూర్తి గారికి, వారి కుటుంబ సభ్యులు ముప్పై మందికి ప్రవేశానికి, తోలుబొమ్మలాటకు ఆహ్వానం.

కుటుంబ సభ్యులట. నీలమ్మ అత్తతో సహా.

రెండుసార్లు కాదు, పదిసార్లు చదివాను. స్ట్రైక్ అయిపోయింది. రైల్లో పోతాం.

జూన్ 2, ఆదివారం

నలభై రాళ్లూ చెక్క సుత్తితో కొట్టి చూశాడు. మా వాళ్లంతా ఊపిరి బిగబట్టి విన్నారు, చంటిపిల్లలు కూడా. మోగని రెండింటి మీద సుద్దతో గీత పెట్టాడు.

ఆఖరిది నాట్యం చేస్తున్న అమ్మవారు. గుడిగంటలా మోగింది. అయినా నాయన కదలలేదు. వెనక్కి పోయి, జడ మీద వేలు పెట్టి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. ఏమైందండీ అని రామబ్రహ్మం గారు పరుగెత్తుకొచ్చారు.

ఈడ చెయ్యి జారింది సార్ చెక్కినాయనకు, అన్నాడు నాయన. జారినంక ఎవ్వరికీ దెల్వకుండ ఇంకో పాయ చెక్కి కప్పెట్టిండు, దొంగ.

వెయ్యేళ్ల నాటి శిల్పమట. అందరం లైన్లో నిలబడి ఒక్కొక్కరం వంగి ఆ పాయ చూశాం. గార్డు కూడా నిలబడ్డాడు, నీలమ్మ అత్త వెనక.