యాదగిరన్న గోడ మీది ఫోటో

అన్నా,

ఇయ్యాల నువ్వు పోయిన రోజు. ఎప్పటి లెక్కనే బంతిపూల దండ పట్టుకొని నల్గొండల నీ దోస్తు యాదగిరన్న హోటల్‌కు పోయిన. రాష్ట్రం కోసం సడక్ మీదనే పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేసిన నాడు, నువ్వు మైకుల మాట్లాడుతున్న ఫోటో ఉండేది ఆయన గోడకే కదా.

ముందుగాల మొన్నటి ముచ్చట చెప్త. హోటల్ టీవీల ఏదో దూరపు దేశం చూపెడుతున్నరు. ఆడ ఒక మూలకున్న జనం మా దేశం మాకు కావాలెనని కొట్లాడుతున్నరు. వారం కింద గాళ్లను చూసి యాదగిరన్ననే "పాపం, మన లెక్కనే గోసపడుతున్నరు" అన్నడు. మొన్న గాళ్లకు పక్క దేశం సాయం చేస్తాందని వార్త వచ్చింది. గంతే. "బయటోని సాయం తీసుకున్నోడు ద్రోహే, కాల్చిపారేయాలె" అని గదే నోటితోని అన్నడు. చాయ్ తాగేటోళ్లందరు తలకాయలు ఊపిండ్రు. గాళ్ల గోస ఒక్క వారంల యాడికి పోయిందని ఒక్కలన్న అడగలే. నేను చాయ్ గ్లాసు సగంలనే పెట్టేసిన.

లేచి బయటికొస్తుంటే యాదగిరన్న ఎనుకనే వచ్చి మెల్లగ అడిగిండు.

"ఆ ఫోటోల ఉన్న మన మైకుసెట్టు మా తమ్ముడు దుబాయి నుంచి పంపిన పైసలతోని కొన్నమని ఎవలకన్న యాదికున్నదా?"

"మనమడిగింది రాష్ట్రం, గాళ్లడిగేది దేశం. దానికి దీనికి ఏం సంబంధం యాదన్నా?"

"గది నీకు నాకు ఎరుక. రేపు అడిగేటోనికి ఎరుకనా?"

ఇయ్యాల పోతే గోడకు మేకు ఒక్కటే ఉన్నది. యాదగిరన్న నా దిక్కు చూడకుంట చాయ్ వడపోస్తున్నడు. దండ ఇంక నా చేతిలనే ఉన్నదన్నా.