బోర్డు మీద మిరపకాయలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున సమాధి మీద పూలు పెట్టి, ఏడవకుండానే బడికి వెళ్లాను. అక్కడ మాత్రం ఒళ్లు మండిపోయింది.

నువ్వు ఇంగ్లీషు చెప్పిన పిల్లలు ఏడో తరగతికి వచ్చారు. ఇప్పుడు వాళ్లకి చెప్పేది నేనే. ప్రిపోజిషన్ తర్వాత వచ్చే క్రియకి ఐఎన్‌జీ తగిలించాలని చెబుతూ నీ వాక్యమే బోర్డు మీద రాశాను: ‘ఆఫ్టర్ పికింగ్ చిల్లీస్, వాష్ యువర్ హ్యాండ్స్.’

కొత్త హెడ్మాస్టరు వచ్చి దాన్ని తుడిచేశాడు.

“ఏంటి మేడమ్, పిల్లలకి కూలి పనులా నేర్పేది? పుస్తకంలో ఉన్నది చెప్పండి.”

పుస్తకంలో ఉన్నది స్కీయింగ్! ఈ ఎండల్లో మంచు మీద జారాలట!

“వీళ్లమ్మలు కోసిన కాయలతోనే కదండీ మీ ఇంట్లో పచ్చడి! ఆ పని ఇంగ్లీషులో చెబితే తప్పేంటండీ?” అన్నాను.

ఆయన విసవిసా వెళ్లిపోయాడు. అప్పుడు కూలికెళ్లే మార్తమ్మ కూతురు కెజియా లేచి, అదే వాక్యం మళ్లీ రాసింది. పికింగ్‌లో చివరి జీ తోకని అచ్చం నీలాగే మెలితిప్పింది.

డస్టర్ నా సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాను.