నా అల్మారాలో ఆమె పాస్‌పోర్టు

కిరండూల్,
11 ఆగస్టు 2024

తమ్ముడు శామ్యూల్‌కు,

మన ఇంట్లో ఎవరికి ఉత్తరం రాసినా వందనాలతో మొదలుపెట్టాలని నాన్న నేర్పారు. ఈరోజు ఆ మాట నా చేత రాదు, ఏమీ అనుకోకు. అనుకున్నా పరవాలేదు.

నీ గదిలో ఉండే ఉపేంద్ర సెలవు ముగించుకుని మళ్ళీ దోహా వస్తున్నాడు కాబట్టి ఇది అతని చేతికి ఇస్తున్నాను. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. మెసేజ్ పెడితే చదివినట్టు నీలం గీతలు పడుతున్నాయి, జవాబు మాత్రం రావడం లేదు. కాగితాన్ని కట్ చెయ్యలేవు కదా. చింపెయ్యాలన్నా ముందు నాలుగు ముక్కలైనా నీ కంట పడతాయి.

నీ భార్య తండ్రి పోయి పదిహేను రోజులైంది. ఆ కబురు వచ్చేసరికి నిరోషిని మా వినీతకి జావ తాగిస్తోంది. శ్రీలంక నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ పిల్ల గిన్నె కింద పెట్టలేదు. మిగిలిన జావ తాగించి, వినీత మూతి తుడిచి, అప్పుడు నా దగ్గరికొచ్చి, "వదినా, నా పాస్‌పోర్టు ఇవ్వండి. రేపు నేను వెళ్ళాలి" అంది. నేను అల్మారా తాళం తీస్తూ ఉన్నాను. ఇంతలో నువ్వు ఫోన్ చేశావు. స్పీకర్ మీద ఉందని కూడా చూసుకోకుండా ఏమన్నావో గుర్తుందా? "వెళ్తే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. నీ వీసా అయిపోయి ఏడాదిన్నర అయింది" అన్నావు. "మరి మీరు పెట్టిన అప్లికేషన్?" అని ఆ పిల్ల అడిగితే, "అదంతా తర్వాత చూద్దాంలే, ముందు నువ్వు ఏడవకు" అన్నావు. అప్పటికి ఆమె ఏడవడం లేదురా. వింటోంది.

మర్నాడు సమాధి కార్యక్రమం ఫోన్‌లోనే చూసింది. బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి, అక్కడ అందరూ చెప్పులు విడిచి నిలబడ్డారని తనూ వంటింట్లో చెప్పులు విడిచి నిలబడింది. మన కొండల్లో సిగ్నల్ సంగతి నీకు తెలుసు. పెట్టె దించే సమయానికి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి కప్పేశారు. తండ్రి ముఖం చివరిసారి ఎప్పుడు కనిపించిందో కూడా ఆమెకి తెలియకుండా అయిపోయింది. ఆ పాపం ఎవరిదో నువ్వే చెప్పు.

మొదటి నుంచీ రాస్తాను, నీకు మరపు ఎక్కువ కదా. ఆమె దోహాలో ఆసుపత్రి ఉద్యోగం చేసుకుంటూ నీలాగే బతుకుతున్న మనిషి. ఉద్యోగం మానిపించి, జగదల్‌పూర్‌లో అంతకన్నా మంచి ఆసుపత్రి ఉందని చెప్పి, టూరిస్టు వీసా మీద ఇక్కడికి తెచ్చావు. దంతెవాడలో పెళ్ళి రిజిస్టరు చేయించావు. "ఇండియా వాడి భార్యకి ఉండే హక్కు ఉంటుంది అక్కా. భర్త దరఖాస్తు పెట్టాలి, పోలీసులు వచ్చి నిజమైన పెళ్ళేనా అని చూస్తారు, అంతే" అని నాకు పాఠం చెప్పింది నువ్వే. పాస్‌పోర్టు ఎక్కడైనా పారేస్తుందని నా అల్మారాలో పెట్టించి విమానం ఎక్కేశావు. తర్వాత ఎప్పుడు అడిగినా ఒకటే మాట, పెట్టేశాను, ఢిల్లీలో ఉంది. ఎక్కువగా బయట తిరగొద్దు, ఫైలు పాడవుతుంది. ఒకసారి ఆ దరఖాస్తుదేనని కంప్యూటర్ బొమ్మ కూడా పంపావు. నిన్న దాన్ని బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నవీనకి చూపించాను. "అక్కా, ఇది మొదటి పేజీ. పేరు రాసి వదిలేశారు. పంపనే లేదు" అంది.

పంపనే లేదు. ఏడాదిన్నర ఒక చదువుకున్న మనిషి ఈ రెండు గదుల క్వార్టర్‌లో నీ మాట నమ్మి కూర్చుంది. తన పేరు మీద సిమ్ లేదు, ఉద్యోగం లేదు, జ్వరమొస్తే ఆసుపత్రిలో పేరు రాయించుకోవడానికి భయం. ఇంటి చాకిరీ, నా కూతురి చాకిరీ. వినీతకి పదకొండేళ్ళొచ్చినా ఎత్తుకుని తిప్పాలి, ఫిట్స్ వస్తే పక్కకి పడుకోబెట్టి గడియారం చూడాలి. అవన్నీ ఆమే చేస్తోంది. మీ బావ పోయాక నాకొచ్చిన రైల్వే స్టేషన్ ఉద్యోగానికి నేను నిశ్చింతగా వెళ్ళి వస్తున్నానంటే ఆమె వల్ల.

ఎందుకు చేశావు? కాగితాలు చేతికొస్తే మళ్ళీ ఉద్యోగంలో చేరి నీకన్నా ఎక్కువ తెచ్చుకుంటుందనా? నిన్ను వదిలేసి పోతుందనా? కారణం రాయి. రావడం కుదిరితే రా, కుదరకపోతే భర్తగా పెట్టాల్సిన సంతకాలన్నీ పెట్టి పంపు. ఈ నెలాఖరు లోపల అందకపోతే నేనే ఆమెని తీసుకుని దంతెవాడ ఎస్పీ ఆఫీసుకి వెళ్తాను. అక్కడ నీ పేరు దాచను.

కోపంతో,
అక్క కరుణశ్రీ

*

కిరండూల్,
22 సెప్టెంబర్ 2024

శామ్యూల్,

నీ జవాబు అందింది. సంతకాలు రాలేదు. ఒక్క పేజీ వచ్చింది. ఆ పేజీలో ఒక్క వాక్యమే నన్ను పట్టుకుంది. "నీ కోసమే చేశాను అక్కా, ఆ పిల్ల వెళ్ళిపోతే నాకెలాగరా అని నువ్వే అన్నావు కదా."

చదివి మండిపోయాను. నీ పిరికితనానికి నన్ను అడ్డం పెట్టుకున్నావని ఇంట్లో ఒక్కదాన్నే తిట్టుకున్నాను. డ్యూటీకి వెళ్ళినా అదే. లోడు బళ్ళకి జెండా చూపిస్తూ కూడా నీతో పోట్లాడుతూనే ఉన్నాను. మూడు రోజులు అలా పోట్లాడాక, నాతో నేను అబద్ధం ఆడే ఓపిక అయిపోయింది. అన్నానురా. ఆ మాట నేను అన్నాను. నువ్వు వెళ్ళిన కొత్తలో వినీతకి వరసగా ఫిట్స్ వచ్చి, నిరోషిని ఒక్కతే చూసుకున్న వారంలో, నీతో ఫోన్‌లో అన్నాను.

కానీ నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. అది రాయడానికే ఈ ఉత్తరం. పోయిన క్రిస్మస్ ముందు అల్మారా సర్దుతూ ఆమె పాస్‌పోర్టు తెరిచాను. వీసా తేదీ చూశాను. పది నెలల కిందట అయిపోయింది. నేను చదువు రానిదాన్ని కాదు, రైల్వేలో తేదీలు రాసే ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఆ క్షణంలోనే నాకు అర్థమైంది, నువ్వేమీ పెట్టలేదని. పాస్‌పోర్టు మూసి, చీరల కింద పెట్టి, తాళం వేశాను. బయట ఆ పిల్ల వినీతకి జడ వేస్తూ ఏదో తమిళ పాట పాడుతోంది. చెబితే వెళ్ళిపోతుందని చెప్పలేదు. నువ్వు చేసినదానికి పేరుంటే నేను చేసినదానికీ అదే పేరు. ఎనిమిది నెలలు నోరు మూసుకున్నాను. ఆమె తండ్రి ఆ ఎనిమిది నెలలూ బతికే ఉన్నాడు. డిసెంబరులోనే నోరు విప్పి ఉంటే జరిమానా కట్టి, కాగితాలు సరిచేసుకుని, ఆయన్ని చూసి వచ్చేది. మొన్నటి ఉత్తరంలో ఆ పాపం ఎవరిదని నిన్ను అడిగాను. సగం నాది.

పోయిన ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక ఆమెని కూర్చోబెట్టి చెప్పేశాను. వినీతకి మందు వేసే వేళ అది. ఆమె చెంచా నింపుతూనే విన్నది. మందు వేసింది, నీళ్ళు తాగించింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఆయన దూరంగా ఉండి చేశాడు వదినా. మీరు రోజూ నా చేతి అన్నం తింటూ చేశారు" అంది.

అంతే. అరవలేదు. అరిస్తే బాగుండునని కోరుకున్నాను. ఆరోజు నుంచి నాతో మాట్లాడడం లేదు. వినీత మందు మాత్రం ఒక్క పూట తప్పలేదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నా అన్నం మూత పెట్టి ఉంటుంది. ఆ మూత తీయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఒకటి మాత్రం తేల్చుకున్నాను. "నీ కోసమే" అన్న మాట మళ్ళీ నా దగ్గర అనకు. నేను స్వార్థంతో అన్నది నిజం. నువ్వు దాన్ని దొరికిన సాకులా వాడుకున్నది కూడా నిజం. నాకు పిల్ల కష్టం ఉంది. నీకేం కష్టం ఉందిరా? నువ్వొచ్చేసరికి ఇంట్లో కదలకుండా ఒక భార్య ఉండాలి, అదే కదా.

రేపు నాకు వీక్లీ ఆఫ్. ఆమెని తీసుకుని దంతెవాడ వెళ్తున్నాను. వస్తావా అని అడిగి పాస్‌పోర్టు చేతిలో పెడితే, తీసుకుని తన సంచీలో వేసుకుంది. ఏం జరిగిందో వివరం రాసి ఇవ్వాలట. నేను రాసి ఉంచాను, హిందీలో, రెండు పేజీలు. అందులో నీ పేరు ఉంది. నా పేరూ ఉంది. డిసెంబరు నుంచి నాకు తెలుసని కూడా ఉంది. దానివల్ల నా ఉద్యోగానికి ఏమైనా అయితే కానీ. నీకు ఇంకా సిగ్గు మిగిలి ఉంటే సంతకాలు పంపు.

కరుణశ్రీ

*

కిరండూల్,
1 డిసెంబర్ 2024

తమ్ముడికి,

నీ కాగితాలు అక్టోబరులోనే అందాయి. భర్త హామీపత్రం, నీ పాస్‌పోర్టు నకలు, అన్ని చోట్లా సంతకాలు. క్రిస్మస్‌కి టిక్కెట్టు తీసుకున్నానని కూడా రాశావు. ఆలస్యమైనా పంపావు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ జరిగింది వేరు. ఎవరి నోటనో వినేకన్నా నా చేతిరాతలో చదువు.

ఎస్పీ ఆఫీసులో విదేశీయుల ఫైళ్ళు చూసే మేడమ్ దగ్గరికి నాలుగుసార్లు తిరిగాం. మంచి మనిషి. నా రెండు పేజీలు చదివి, కళ్ళద్దాలు తీసి, "దీదీ, ఇది మీరే రాశారా?" అని అడిగింది. నేనే అన్నాను. ఆ కాగితాలు ఫైల్లో పెట్టింది. పోలీసులు ఇంటికి వచ్చి చుట్టుపక్కల విచారించారు. ఆమె ఎవరినీ మోసం చేయలేదని, భర్త మాట నమ్మి ఉండిపోయిందని వాళ్ళే రాశారు. నాకు మందలింపుతో సరిపోయింది.

నాలుగోసారి నీ సంతకాల కాగితాలు తీసుకుని వెళ్ళాం. మేడమ్ అన్నీ సరిచూసి నవ్వుతూ, "ఇంక భయం లేదు. జరిమానా కట్టి దరఖాస్తు వేద్దాం. భార్యగా ఇక్కడే ఉండొచ్చు" అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నిరోషిని మాత్రం కదలకుండా కూర్చుని, తనకొచ్చిన హిందీలో మెల్లగా అడిగింది.

"ఆయన సంతకం లేకుండా నేను ఇక్కడ ఉండడానికి దారి ఉందా?"

"లేదమ్మా. మీరు ఆయన భార్య అయినందుకే కదా ఈ వీసా."

"రేపు ఆయన వద్దంటే?"

"వద్దంటే మళ్ళీ కష్టమే" అంది.

"అయితే వెళ్ళే దారి చెప్పండి."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నిరోషా, తొందరపడకు, వాడు మారాడు, వస్తున్నాడు" అన్నాను. ఇన్నాళ్ళకి నా ముఖం చూసింది. "మీరు ఎవరి కోసం చెప్తున్నారు వదినా?" అంది. నేను చెయ్యి తీసేశాను. ఎందుకంటే, అది నీ కోసం కాదు, ఆమె కోసం అంతకన్నా కాదు. నా కోసం.

అలా నీ సంతకాలు ఫైలులోంచి తీసి నాకు తిరిగి ఇచ్చారు. ఆమె జరిమానా కట్టింది, దేశం విడిచి వెళ్ళడానికి అనుమతి తీసుకుంది. అది చేతికొచ్చిన వారానికే బయల్దేరింది. వద్దన్నా నేను చెన్నై దాకా వెళ్ళాను. వినీతని కూడా తీసుకెళ్ళాను, ఎవరి దగ్గర వదలను? విశాఖపట్నం దాకా కిటికీ పక్కన వినీతని ఒళ్ళో పెట్టుకుని, ప్రతి సొరంగం వచ్చే ముందు దాని కళ్ళు మూసింది. చీకటి పడితే ఉలిక్కిపడుతుంది కదా. ఎన్ని సొరంగాలో, అన్నిసార్లు. నాతో మాట్లాడింది తక్కువే. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర మాత్రం మందుల చీటీ ఒకటి ఇచ్చి, "ఆదివారం కొత్త సీసా మొదలుపెట్టండి. బాగా కుదిపి వెయ్యండి. మీరు కుదపరు" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగి ఇంకో బరువు పెట్టడం ఎందుకు?

విడాకుల కాగితాలు పంపుతానంది. ఏమీ బేరం పెట్టకుండా సంతకం చెయ్యి. క్రిస్మస్‌కి వస్తే నీ ఇల్లే, రావద్దని అనను. కానీ వచ్చాక మూల కూర్చుని నీకు జరిగిన అన్యాయం చెబుతానంటే నేను వినను. వినీతని ఎత్తుకోవడం నేర్చుకో, ఫిట్స్ వచ్చినప్పుడు ఏం చెయ్యాలో నేర్చుకో. మేనమామవి.

ఇక్కడ సంగతులు ఇలా ఉన్నాయి. డ్యూటీ మార్చమని అర్జీ పెట్టాను, ఇంకా తేలలేదు. పక్క బస్తీలో సోమి అనే ఆవిడ నేను లేని గంటలు వినీత దగ్గర కూర్చుంటోంది. జీతం మాట్లాడుకున్నాను, వారానికో రోజు సెలవు మాట్లాడుకున్నాను. ఆవిడ గోండీలో మాట్లాడుతుంది, వినీత బిత్తరపోయి చూస్తుంది. మొదటి వారం అన్నం ముట్టలేదు. తలుపు వైపు చూపించి "అత్త, అత్త" అనేది. దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అత్త ఊరెళ్ళింది, వస్తుంది అని నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క అబద్ధం మింగేశాను. అత్త వాళ్ళింటికి వెళ్ళిపోయింది, రాదు అని చెప్పాను. ఏడ్చింది. ఏడవనిచ్చాను.

నిన్న మధ్యాహ్నం శ్రీలంక నుంచి ఫోన్ వచ్చింది. నేను ఆత్రంగా ఎత్తి, "నిరోషా, బాగున్నావా అమ్మా" అన్నాను. "వినీత చెవి దగ్గర పెట్టండి వదినా" అంది. పెట్టాను. నా కూతురు కళ్ళు విప్పార్చి, రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. నేను ఆ గదిలోంచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, వాళ్ళ మాటలు అయిపోయేదాకా వరండాలో నిలబడ్డాను.

నీ అక్క,
కరుణశ్రీ