నీళ్ళు లాగే గొట్టం

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మది మళ్ళీ అదే పాట. నువ్వు ఇంజిన్లు చూసేదానివి కదా, వెళ్ళి ఆ బోటు చూసి రా, వాడేం చేశాడో నాకు చెప్పు అంది. అక్క పోయినప్పటినుంచి బావని "వాడు" అంటోంది. అంతకుముందు, ఆయన ఎదురుగా లేకపోయినా అల్లుడనే అనేది.

వెళ్తానన్నాను. వర్క్‌షాప్‌లో లీవు పెట్టాను. అమ్మ కోసమని చెప్పుకుంటున్నాను కానీ, నాకూ తెలియాలి.

ఫిబ్రవరి 11, మంగళవారం

చేరాను. బావ తలుపు తీసి, "రా, పానా" అన్నాడు. ఆ పేరు అక్క పెట్టింది. చిన్నప్పుడు నా చేతిలో ఎప్పుడు చూసినా నట్లు విప్పే పానా ఉండేదట. అక్క తప్ప ఎవరూ అలా పిలవరు. బావకి నేనెప్పుడూ "మరదలా"నే, అదీ వేళాకోళంగా. నేను పలకలేదు.

ఇంజిన్ చూడ్డానికొచ్చానని చెప్పాను. ఎందుకని అడగలేదు. తనూ రోజూ చూస్తున్నాడట, దొరకట్లేదట. బోటు ఆ రోజు నుంచీ రేవులోనే కట్టేసి ఉందట.

అక్క చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటిని దాటుకుని లోపలికి వెళ్ళాను.

ఫిబ్రవరి 12, ఉదయం

రేవు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఆ రోజు ఏమైందో మొదటినుంచీ చెప్పమన్నాను. కస్టమర్‌ని అడిగినట్టే అడిగాను. బావ కూడా కస్టమర్‌లాగే చెప్పాడు, నా ముఖం చూడకుండా.

తెల్లవారాక అక్క ఛాతీలో నొప్పి అంది. ఆసుపత్రి అవతలి ఒడ్డున. వంతెన మీదుగా వెళ్తే చాలా చుట్టు. సొంత బోటు ఉండనే ఉంది. అందులో రోజూ టికెట్లు కోసేది అక్కే. ఎక్కించి బయల్దేరాడు. నది మధ్యలో టెంపరేచర్ సూది ఎర్రగీత దాటింది. అలారం మోగింది. ఇంజిన్ ఆపేశాడు. ఆపకపోతే పట్టేసేది. నేనున్నా ఆపేదాన్నే. మూత తీసి చూస్తే ఏమీ కనబడలేదు. కాస్త చల్లారాక స్టార్ట్ చేసి, మెల్లిగా పోనిచ్చాడు. సూది మళ్ళీ లేవలేదు. అవతలికి చేరేసరికి అక్క లేదు.

అమ్మ మాత్రం, నా కూతురి ప్రాణాల మీదికొస్తే వాడు నది మధ్యలో రిపేరు పెట్టుకుని కూర్చున్నాడని కనబడినవాళ్ళందరికీ చెబుతోంది. సర్వీసు సరిగ్గా చేయించి ఉండడని రేవులోనూ అనుకుంటున్నారు. దాచడమెందుకు, నేనూ అదే అనుకుని వచ్చాను.

అదే రోజు, సాయంత్రం

నేను చూసేవి జనరేటర్లు. వాటికి రేడియేటర్ ఉంటుంది. దీనికి నదే రేడియేటర్. బోటు అడుగున ఒక రంధ్రం, దానికో వాల్వు. అక్కణ్ణించి రబ్బరు గొట్టంలో నీళ్ళు ఫిల్టర్‌కి, ఫిల్టర్ నుంచి పంపుకి. పంపు తోసిన నీళ్ళు ఇంజిన్ చుట్టూ తిరిగి, పొగతో కలిసి వెనకనుంచి బయటపడతాయి. ఈ దారిలో ఎక్కడో నీళ్ళు ఆగాయి. ఎక్కడన్నదే తేలాలి.

ఫిల్టర్ తీశాను. తళతళలాడుతోంది. పంపు విప్పాను. లోపల నీళ్ళు తోసే రబ్బరు ఇంపెల్లర్‌కి రెక్కలన్నీ ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. ఎప్పుడు మార్చావంటే ఈమధ్యే అన్నాడు. వెళ్ళి పాతది కూడా తెచ్చి చూపించాడు. అదీ బాగానే ఉంది. బాగున్నదాన్ని ఎందుకు మార్చావన్నాను. మీ అక్క రోజూ ఎక్కే బోటు కదా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అది అరిగిపోయి ఉండాల్సింది.

ఫిబ్రవరి 13, గురువారం

వేడెక్కితే నీళ్ళని వదిలే థర్మోస్టాట్ ఇంటికి తెచ్చాను. నీళ్ళలో వేసి కాచి, వేడికి తెరుచుకుంటుందో లేదో చూడాలి. చేతికందింది అక్క టీ గిన్నె ఒక్కటే. బావా నేనూ స్టవ్ ముందు నిలబడి, టీ కోసం చూస్తున్నట్టు చూశాం. నీళ్ళు మరగకముందే తెరుచుకుంది. దానికేం రోగం లేదు.

బావ గిన్నె కడిగి తుడిచి, ఉన్నచోటే పెట్టాడు. పిడి గోడవైపుకి తిప్పి. మళ్ళీ తీసి, ఇంకోసారి తుడిచాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పొగా నీళ్ళూ కలిసి బయటికి పోయే వంపు గొట్టం, ఎగ్జాస్ట్ ఎల్బో విప్పాను. కాస్త మసి, కాస్త తుప్పు. ఆ మాత్రం ఏ ఇంజిన్‌కైనా ఉంటుంది. అడుగున రంధ్రానికి ఏమైనా పట్టుకుందేమో చూస్తానని బావ నీళ్ళలో దిగాడు. నాచు కూడా లేదన్నాడు. చెప్పాక పైకి రాలేదు. తాడు పట్టుకుని నీళ్ళలోనే ఉండిపోయాడు. మాటిమాటికీ తల ముంచి లేస్తున్నాడు. ముఖం తడిగా ఉంటే ఎవరికేం తెలుస్తుంది. నేను సామాన్లు సర్దుకుంటున్నట్టు అటు తిరిగాను.

అమ్మ ఫోన్. ఏమైనా దొరికిందా? లేదన్నాను. నువ్వూ వాడి వైపేనా అంది.

ఫిబ్రవరి 15

వాన. ఏమీ చేయలేదు. బావ అన్నం వండాడు. ముగ్గురికి సరిపడా.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఉదయం పళ్ళు తోముకుంటుంటే తట్టింది. అడగాల్సిన మాట ఇన్నాళ్ళూ అడగనే లేదు. ఆ రోజు ఎంత స్పీడులో వెళ్ళావని అడిగాను. ఫుల్ అన్నాడు. మామూలుగా ఎంతలో వెళ్తావన్నాను. పిల్లలూ ముసలివాళ్ళూ ఎక్కే బోటు, సగానికి మించి ఎప్పుడూ తోలలేదన్నాడు.

నేనేమో రేవులో ఊరికే స్టార్ట్ చేసి, వెనక నీళ్ళు బాగానే పడుతున్నాయని చూసుకుంటున్నాను.

ముందూ వెనకా తాళ్ళతో బోటుని రేవుకి గట్టిగా బిగించాం. గేర్ వేసి ఫుల్ థ్రాటిల్ ఇమ్మన్నాను. బావ పైన లీవర్ దగ్గర, నేను కింద ఇంజిన్ పక్కన. బోటు తాళ్ళని తెంపుకునేలా గుంజుతోంది. కాసేపటికి పైనుంచి బావ కేక, సూది లేస్తోంది అని. ఫిల్టర్ మీద చెయ్యి పెట్టాను, పంపు మీద పెట్టాను. తర్వాత, అడుగు వాల్వు నుంచి వచ్చే గొట్టాన్ని పట్టుకున్నాను.

గొట్టం నొక్కుకుపోయి ఉంది. ఏదైనా గట్టిగా పీల్చినప్పుడు బుగ్గలు లోపలికి పోతాయే, అలా. తగ్గించమని అరిచాను. తగ్గించాడు. నా చేతిలోనే అది మెల్లిగా ఉబ్బి, ఏమీ ఎరగనట్టు గుండ్రంగా అయిపోయింది.

విప్పి, నిలువుగా కోశాను. పైకి కొత్తదానిలా నున్నగా ఉంది. లోపలి పొర ఊడి వేలాడుతోంది. మెల్లిగా వెళ్తే నీళ్ళకి దారి ఉంటుంది. ఫుల్‌లో పోతే పంపు గట్టిగా లాగుతుంది, పొర మూసుకుంటుంది, గొట్టం నొక్కుకుపోతుంది. ఇంజిన్ ఆపి మూత తీసేసరికి అంతా మామూలే. ఎవరు చూసినా కనబడదు.

బావ మెట్లు దిగి వచ్చాడు. గొట్టం ముక్కని చేతిలోకి తీసుకుని, ఆ పొరని వేలితో ఎత్తాడు, దించాడు. ఇరవై ఏళ్ళుగా బోటు తోలుతున్న మనిషి. నేను విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అయినా అడిగాడు.

"మామూలుగా పోనిచ్చుంటే?"

ఆయన మీద ఏదో ఒకటి రుజువు చేయాలనే వచ్చాను. తీరా దొరికాక, అబద్ధం ఆడాలనిపించింది. ఆడలేకపోయాను.

"చేరేవాళ్ళు, బావా."

తల ఊపాడు. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. బోటు ఎగిరెగిరి పడుతుంటే అక్క నొప్పిలోనే నవ్విందట. "చంపేస్తావా ఏంటి, మెల్లిగా తోలు" అందట.

"నేను వినలేదు, పానా. ఇంకొంచెం నొక్కా."

ఈసారి పలికాను. ఊఁ అన్నాను. నేల మీద చిందిన నీళ్ళలోనే ఇద్దరం కూర్చుండిపోయాం.

ఫిబ్రవరి 17, సోమవారం

అమ్మకి ఫోన్ చేశాను. గొట్టం సంగతి, పొర సంగతి చెప్పాను. ఇవన్నీ నాకెందుకు, వాడి తప్పా కాదా అది చెప్పు అంది.

చెప్పాను. సర్వీసులో లోపం లేదమ్మా, నేను అన్నీ విప్పి చూశాను. అక్కని తొందరగా చేర్చాలని బోటు ఎంత పరిగెత్తగలదో అంతా పరిగెత్తించాడు. మెల్లిగా తోలి ఉంటే గొట్టం నిలబడేది.

అమ్మ ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. వెనక కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది, అంటే లైన్‌లోనే ఉంది.

మరి ఇంకేం చేస్తాడు, అంది చివరికి. మెల్లిగా ఎవరు తోలతారు.

ఇంకాసేపటికి, అల్లుడు తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడని చెప్పాను. అది మాత్రం అబద్ధమే.

ఫిబ్రవరి 19, బుధవారం

కొత్త గొట్టం తెచ్చాం. లోపల తీగ చుట్ట ఉన్న రకం, ఎంత లాగినా నొక్కుకుపోదు. షాపతను మామూలుది చవక కదా, ఇదెందుకన్నాడు. డబ్బులిచ్చి వచ్చేశాం. నేను గొట్టం పట్టుకున్నాను, బావ క్లిప్పులు బిగించాడు. బిగించినదాన్నే మళ్ళీ మళ్ళీ బిగిస్తుంటే, చాలు, మర పోతుందని చెయ్యి పట్టుకుని ఆపాను.

ఫిబ్రవరి 20

ట్రయల్. బావ రేవు నుంచి అవతలి ఒడ్డు దాకా ఫుల్‌లో తోలాడు. సూది కదల్లేదు. తొందరగా చేరిపోయాం. తాడు కట్టాం. దిగాం. అక్కడ మాకేం పని లేదు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాం.