బావగారి ద్రాక్షతోట

అక్కా,

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను, పనుంది" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా, అందుకని కాగితం తీసుకున్నాను. వేసవి సెలవులకి ఎక్కడో చల్లటి చోటికి వెళుతున్నామని నీతో చెప్పాను. అబద్ధం చెప్పాను. ఇక్కడ పొద్దెక్కకముందే కొండవాలంతా పెనంలా కాలుతుంది. ఎటు చూసినా తీగలు, తీగల కింద పచ్చి గుత్తులు, దారి పక్కన పీపాలు. నువ్వు కాపురం చేసిన ఊరికే వచ్చాను.

మా ఆయనకి, అదే నీ మరిదికి, ఏమీ తెలియదు. "ద్రాక్షతోటలు చూద్దామండీ, వైన్ ఎలా చేస్తారో చూద్దాం" అంటే, "మనం తాగం కదే" అన్నారు. "చూడ్డానికి తాగాలేమిటి" అన్నాను. ఇప్పుడు నాకంటే ఆయనకే హుషారు ఎక్కువైంది. నెత్తిన టోపీ, మెడలో కెమెరా. ఏ కార్ఖానాకి వెళ్ళినా, చూపించే మనిషిని ఒకటే ప్రశ్న: "ఇప్పటికీ కాళ్ళతోనే తొక్కుతారాండీ?" లేదని ప్రతిచోటా ఓపిగ్గా చెబుతారు. ఆయన ప్రతిచోటా నిరాశపడతారు.

ఒక కార్ఖానా కొండని తొలిచిన గుహలో ఉంది. ఇంకొకటి ఆస్పత్రిలా ఉంది, తళతళలాడే స్టీలు ట్యాంకులతో. అన్నిచోట్లా చివర్లో చిన్న గ్లాసులు ఇస్తారు. నీ మరిది తన గ్లాసు నా చేతిలో పెట్టి పక్కకి వెళతారు. నా చిన్నప్పుడు నువ్వు మజ్జిగ గ్లాసుతో నేర్పినట్టే తిప్పి, వాసన చూసి, పుక్కిలించి ఉమ్మేస్తున్నాను. నిన్న గుహ దగ్గర గ్లాసులు అందిస్తున్నావిడ చూసి, "మీరు ఈ పనిలో ఉన్నారా?" అంది. "మా అక్క ఉండేది" అని, ఎవరి తోటలోనో కూడా ఆవిడకి చెప్పాను. ఆవిడ ముఖం మారింది. "ఓ, ఆవిడా" అని, చుట్టూ చూసి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి ఎత్తి చూపించింది. పాపం అన్నట్టు తలాడించింది కూడా.

ఇన్నేళ్ళయింది అక్కా. బావ పొమ్మంటే వచ్చేశావు. నీ ముక్కుతో పైకొచ్చిన వైన్‌కి బావ పేరు మిగిలింది, నీకు తాగుబోతు అనే పేరు మిగిలింది. ఆ పేరుతో ఏ కార్ఖానా నిన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. రోజంతా సబ్బుల కంపెనీలో సబ్బుముక్కలు వాసన చూస్తున్నావు. మేము అడిగితే ఒక్క ముక్క కూడా చెప్పవు. నువ్వు మింగేసిన కోపమంతా ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. నాది మాత్రం ఎక్కడికీ పోలేదు, పులిసి పులిసి గొంతుదాకా వచ్చింది.

బావ అని ఇక రాయను. వాడు అనే రాస్తాను. వాడి తోటకి టికెట్లు తీసుకున్నాను.

నీ పిడుగు

*

అక్కా,

వాణ్ణి చూశాను. వాడు నన్ను గుర్తుపట్టలేదు. మీ పెళ్ళికి నేను గౌను వేసుకునే పిల్లని, తరవాత వాడు మన ఇంటి గడప తొక్కిందెన్నడు కనుక. జుట్టు నెరిసి పెద్దమనిషి కళ వచ్చింది. గొంతులో తేనె కారుతోంది. అందర్నీ వరసల మధ్య నడిపిస్తూ, "ఇక్కడ బండరాళ్ళుండేవి. ఒక్కణ్ణే పలుగు పట్టుకుని దిగాను" అన్నాడు. ఒక్కడేనట. నీ అరచేతుల్లో కాయలు నేను మరిచిపోయాననుకున్నాడో ఏమో. నీ మరిది అయితే ఆ పలుగు ఎక్కడుందో చూపించమని అడిగారు, ఫొటో తీసుకోవడానికి.

నేలమాళిగ తలుపు దగ్గర ఆగి, తాళం తీస్తూ వాడన్నాడు: "ఇంత పెద్ద తాళం ఎందుకని అందరూ అడుగుతారు. మా మొదటావిడ ఉన్నప్పుడు అలవాటైందండి, ఇంకా పోలేదు." అందరూ నవ్వారు. విషయం తెలియక నీ మరిది కూడా నవ్వారు. ఆ నవ్వుకి ఆయన మీద కూడా కోపమొచ్చింది, బసకి వచ్చాక అంతా చెప్పేశాను.  ఆయన కెమెరాలోంచి ఆ తోట బొమ్మలన్నీ తీసిపారేసి, "ఏం చేద్దామంటావు?" అన్నారు.

చెబుతాను విను. ఈ వారం చివర్లో వాడు పెద్ద విందు చేస్తున్నాడు. హోటళ్ళవాళ్ళు, దుకాణాలవాళ్ళు వస్తారు, టికెట్టు కొన్న మాలాంటివాళ్ళనీ రానిస్తారు. ఏళ్ళుగా దాచిన వైన్ ఆ రోజు మొదటిసారి అందరికీ పోస్తాడట. ట్యాంకుల గదికి తాళం ఉండదు, చూసి వచ్చాను. అందరూ భోజనాల దగ్గర ఉన్నప్పుడు లోపలికి వెళ్ళి కుళాయి తిప్పేస్తాను. వాడి గర్వమంతా కాలవలో పారుతుంటే వాడి ముఖం చూడాలి. వద్దని రాస్తావని తెలుసు. నీ జవాబు చేరేలోగా పని అయిపోతుంది. అందుకే ఈ ఉత్తరం ఇంత ఆలస్యంగా పోస్టు చేస్తున్నాను.

నీ పిడుగు

*

అక్కా,

నువ్వు కూర్చునే చదువు.

విందు రోజు, బల్లలు ఇంకా సర్దుతుండగానే ట్యాంకుల గదిలోకి దూరాను. నీ మరిది బయట కాపలా. కాపలా అంటే పనివాళ్ళని ఆపి, కాళ్ళతో తొక్కుతారా అని అడగడం. అన్నిటికంటే పెద్ద ట్యాంకు చూసుకుని కుళాయి మీద చెయ్యి వేశాను. వెనకనుంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా, "అది నీళ్ళ ట్యాంకండీ" అంది.

వాడి రెండో భార్య. చేతిలో గ్లాసుల పళ్ళెం. నేను కుళాయి మీంచి చెయ్యి తీసేశాను. ఆవిడ పళ్ళెం కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఆయన ప్రాణం ఆ మూల పీపాలో ఉంది. కానీ అది పారబోస్తే, నేనే తాగేశానని సాయంత్రానికల్లా ఊరంతా చెబుతాడు" అంది.

నేను ఏదో సాకు చెప్పబోయాను. "మీరు ఆవిడ చెల్లెలు కదూ. మొన్న గ్లాసు తిప్పుతుంటేనే అనుకున్నాను. పాత ఫొటోలో ఆవిడా అచ్చం అలాగే పట్టుకుంటుంది" అంది. ఆ తరవాత ఆవిడ అసలు సంగతి చెప్పింది. నువ్వు ఇంత దాచావా అక్కా? వాడికి వాసన తెలియదట. మీ కాపురంలోనే ఏదో పెద్ద జ్వరం వచ్చి ముక్కు చచ్చిపోయిందట. ఏ పీపాలోది ఎందులో ఎంత కలపాలో అంతా నువ్వు చేస్తే, వాడు నలుగురిలో నిలబడి నీ మాటలు అప్పజెప్పేవాడట. పేరొచ్చాక భయం పట్టుకుంది, నువ్వెక్కడ బయటపెడతావోనని. "అందుకే ముందుగానే తాగుబోతని ముద్ర వేశాడు. తాగినావిడ మాట ఎవరు నమ్ముతారు? ఇప్పుడు ఆ వాసనలు చూసేది నేను, ముద్ర పడే వంతూ నాదే. పోయిన కోతలనుంచి నా గురించీ మొదలుపెట్టాడు" అంది ఆవిడ. "నేనూ మీ అక్కని తిట్టినదాన్నేనమ్మా. ఆయన చెబితే నమ్మాను."

 తరవాత ఆవిడ, "ఆ చివర పీపా ఒకటి చెడిపోయింది. నాకే కడుపులో తిప్పింది. పారబొయ్యమని ఇంకా చెప్పలేదు" అంది. నేను ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది.  దాంతోనే కూజాలు నింపాం.

అందరి ముందూ గ్లాసులు పెట్టింది మేమే. వాడు లేచి, అలవాటు ప్రకారం భార్యవైపు చూశాడు. ఆవిడ బాగుందన్నట్టు తలాడించింది. వాడు గ్లాసు తిప్పి, కళ్ళు మూసుకుని, ముక్కు లోపలిదాకా పెట్టి మొదలుపెట్టాడు: "తొలకరికి తడిసిన మన్ను. బాగా మగ్గిన పండు. వెనకాల ఎక్కడో, చాలా దూరంగా, ఎండుటాకు..." బల్ల చుట్టూ ఒక్కొక్కరే గ్లాసు ముక్కుదాకా తీసుకెళ్ళి ఆపేస్తున్నారు. ఒకావిడ రుమాలు అడ్డం పెట్టుకుంది. వాడు గుక్క తాగి, "అమృతం" అన్నాడు.

ఎప్పటినుంచో హోటళ్ళకి కొనే పెద్దాయన ఒకరున్నారు. ఆయన నెమ్మదిగా, "బాబూ, ఇది కుళ్ళిన గుడ్డు కంపు కొడుతోంది. నీకు తెలీడం లేదా?" అన్నారు. వాడు వేళాకోళమనుకుని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మళ్ళీ భార్యవైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అప్పుడు వాడికి చెమట్లు పట్టాయి. గొంతు తగ్గించి, "క్షమించాలి. మా ఆవిడ ఈ మధ్య కొంచెం... అలవాటు చేసుకుంది. ఏదో తాగిన మత్తులో పీపా మార్చేసినట్టుంది" అన్నాడు.

నేను లేచాను.  "ఈవిడ కూడా తాగుతుందా బావా? మా అక్కలాగేనా?" అన్నాను. వాడి చేతిలో గ్లాసు ఒలికి చొక్కా మీద పడింది. "మా అక్క చుక్క మింగి ఎరగదు. పోనీ ఈవిడే మార్చేసిందనుకుందాం. ఇంత కంపు నీ ముక్కుకి ఎందుకు తెలియలేదో చెప్పు" అన్నాను. వాడు రుమాలు తీసి చొక్కా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పెద్దాయన తన గ్లాసు వాడి ముందుకి జరిపి, కుర్చీ వెనక్కి తోసి, "నీ మాట నమ్మి, వీళ్ళక్కకి పని ఇవ్వద్దని నలుగురికీ చెప్పింది నేనే" అని వెళ్ళిపోయారు. ఆయన వెనక మిగతావాళ్ళు. ఖాళీ బల్లల మధ్య వాడు ఒక్కడే మిగిలాడు. నేను తృప్తిగా, కడుపునిండా చూశాను. జాలి వేస్తుందేమోనని వెతుక్కున్నాను, లేదు.

వాడి ద్రాక్షపళ్ళలో సగం ఆవిడ పుట్టింటివాళ్ళ కొండవాలు తోటనుంచే వస్తాయట. ఈ ఏడు ఒక్క గుత్తి కూడా ఇవ్వనని, వైన్ తనే చేస్తానని చెప్పింది. నిన్ను రమ్మంది. "తిట్టినదాన్ని, పిలిచే ముఖం లేదు, మీరే అడగండి" అంది. అడుగుతున్నాను. నీకోసమే ఇదంతా చేశాను. వస్తావు కదూ?

నీ పిడుగు

*

పిడుగూ,

మూడు ఉత్తరాలూ ఒకేసారి చేరాయి. కుళ్ళిన పీపా దగ్గర నవ్వాపుకోలేకపోయాను. కంపెనీలో పక్క బల్లావిడ ఏమైందని అడిగింది. నేను నవ్వగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు మరి.

ఎందుకు దాచావని అడిగావు. దాచలేదు. అక్కడ దొరికినవాళ్ళందరికీ చెప్పాను, వాడికి వాసన తెలియదని. చెబుతుంటే నా మాట వినకుండా నా కళ్ళు ఎర్రగా ఉన్నాయా లేదా అని చూసేవారు. కొన్నాళ్ళకి మానేశాను. మన ఇంట్లో చెబుదామనుకునే వచ్చాను. ముఖ్యంగా నీకు.

పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోజు గుర్తుందా? నువ్వు పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నావు. వాటేసుకుని, ముఖం నా నోటి దగ్గరికి తెచ్చి, ఊపిరి పీల్చి ఒక్క క్షణం ఆగావు. వాసనలతో బతికేదాన్ని, నాకు తెలియదనుకున్నావా? అమ్మ నా మంచం పక్క గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో ముక్కు పెట్టి చూసింది. నాన్న దగ్గుమందు సీసా పై అరలోకి మార్చారు. వాళ్ళు పెద్దవాళ్ళు, భయపడ్డారులే అనుకున్నాను. నిన్ను మాత్రం అలా అనుకోలేకపోయాను. చెప్పాల్సిన మాట ఆ గుమ్మంలోనే మింగేశాను. ఆ తరవాత నువ్వు మీ ఇంటికి రమ్మన్నప్పుడల్లా పనుందన్నాను. ఏ పనీ లేదు. అది పగ. వాడి మీదకంటే నీ మీదే ఎక్కువ పెంచుకున్నాను, ఎందుకంటే వాడు నన్ను ఎరగడు, నువ్వు ఎరుగుదువు.

ఇది నీకు రాయకుండా ఉండాలనే రెండు రోజులు ఆగాను. నాకోసమే చేశానన్నావు చూడు, ఆ మాటకి రాయకుండా ఉండలేకపోయాను. ఏడవకు. మిగతాది కూడా చదువు.

నువ్వు కుళాయి మీద చెయ్యి వేసిన సమయానికి ఆవిడ ఇంకా నీకు ఏమీ చెప్పలేదు. ఎవరూ రుజువు చూపించలేదు. అయినా వెళ్ళావు. అంటే మధ్యలో ఎప్పుడో, ఎవరూ చెప్పకుండానే, నన్ను నమ్మడం మొదలుపెట్టావు. ఎప్పుడో నాకు తెలియలేదు. తెలుసుకునే అవకాశం నీకు నేనే ఇవ్వలేదు. అది ఎదురుగా కూర్చుని అడగాలి.

సబ్బుల కంపెనీలో మానేస్తానని చెప్పేశాను. ఆవిడకి చెప్పు, కోతలకి ముందే వస్తానని, గుత్తులు నేను చూసేదాకా ఒక్కటి కూడా తెంపవద్దని. తిట్టినందుకు ఆవిడ సంగతి పనిలో తేల్చుకుంటాను. వాడి గోడ పక్కనే ఆ వాలు ఉండడం నాకు బాగా నచ్చింది. రోజూ చూస్తాడు.

నువ్వూ మీ ఆయనా అక్కడే ఉండి స్టేషన్‌కి రండి. అక్కడ ఉన్నన్నేళ్ళూ రుచి చూసి ఉమ్మేశానే తప్ప ఒక్క గుక్క గొంతు దిగనివ్వలేదు. రైల్లో ఒక గ్లాసు నిండుగా పోయించుకుని, తీరిగ్గా తాగి దిగుతాను. వాటేసుకున్నప్పుడు మొహమాటపడకుండా వాసన చూడు. ఈసారి నిజంగానే వస్తుంది.

అక్క